బీఫార్మ్ చేసి అమెరికా వచ్చాక ఫార్మ్‌డీ: ప్రీరిక్విజిట్లు కమ్యూనిటీ కాలేజీలో చేయొచ్చా?

ప్రశ్న క్లుప్తంగా: ఇంటర్ బైపీసీ, తర్వాత గుంటూరు దగ్గర బీఫార్మ్, 2021లో పూర్తయింది. ఇప్పుడు హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి భార్య/భర్తకు ఇచ్చే వీసా) మీద టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నారు. ఈఏడీ (పనిచేయడానికి అనుమతి) ఉంది, రెండేళ్ల పాప ఉంది. ఫార్మ్‌డీ (అమెరికాలో ఫార్మసిస్ట్ కావడానికి చేసే డిగ్రీ) చేయాలని ఉంది. అందులో చేరే ముందు పూర్తిచేయాల్సిన కోర్సులు, అంటే ప్రీరిక్విజిట్లు, కమ్యూనిటీ కాలేజీలో (ఊరికి దగ్గరుండే రెండేళ్ల కాలేజీలో) చేయొచ్చా అన్నది సందేహం. "కమ్యూనిటీ కాలేజీలో చదివితే ఫార్మసీ స్కూళ్లు చిన్నచూపు చూస్తాయని ఒకరు, బీఫార్మ్ ఉంటే అసలేమీ మళ్లీ చదవక్కర్లేదని ఇంకొకరు అంటున్నారు. ఏది నమ్మాలి? అన్నీ ఆన్‌లైన్‌లో అవుతాయా? ఎన్నాళ్లు పడుతుంది?"

సమాధానం:

రెండూ నమ్మొద్దు. చిన్నచూపు చూడరు, అలాగని బీఫార్మ్ చూపించి తప్పించుకోవడమూ కుదరదు.

నేను కూడా బీఫార్మ్ చేసి వచ్చి, ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో కెమిస్ట్రీ, బయాలజీ మళ్లీ చదివి ఫార్మ్‌డీలో చేరినదాన్నే. ఇప్పుడు డాలస్ వైపు ఒక ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తున్నాను. రొటేషన్ మీద ఫార్మ్‌డీ విద్యార్థులు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లలో చాలామంది ఏదో ఒక కోర్సు కమ్యూనిటీ కాలేజీలో చేసినవాళ్లే. ఎవరూ దాన్ని దాచుకోరు, ఎవరూ అడగరు కూడా.

పైగా కాలం మారింది. ఫార్మసీ స్కూళ్లకు వచ్చే అప్లికేషన్లు గత పదేళ్లలో బాగా తగ్గాయి. పీక్యాట్ అనే ప్రవేశ పరీక్ష 2024 జనవరితో ఆగిపోయింది. ఒకప్పుడు కమ్యూనిటీ కాలేజీ గ్రేడ్ల మీద ఎవరికైనా అనుమానం ఉంటే పీక్యాట్ స్కోరు చూసి తీర్చుకునేవారు. ఇప్పుడా స్కోరు లేదు కాబట్టి ట్రాన్స్‌క్రిప్ట్ మీదే బరువంతా పడింది. అందుకే ఏ కాలేజీలో చదివారన్నదాని కన్నా ఏ కోర్సు తీసుకున్నారు, ఎంత లోడ్‌తో (ఒకేసారి ఎన్ని కోర్సులతో) తీసుకున్నారు, ఏ గ్రేడ్ వచ్చింది అన్నవే చూస్తారు.

కమ్యూనిటీ కాలేజీని అనుమానంగా చూసే సందర్భం ఒకటుంది. నాలుగేళ్ల యూనివర్సిటీలో చదువుతూ, అక్కడి ఆర్గానిక్ కెమిస్ట్రీ కష్టమని, ఆ ఒక్క కోర్సు మాత్రం వేసవిలో పక్క కమ్యూనిటీ కాలేజీకి వెళ్లి చేసినవాళ్ల విషయంలో. అడ్మిషన్ కమిటీలో కూర్చునేవాళ్లకు ఆ ఎత్తు తెలియనిది కాదు. మీ పరిస్థితి అది కాదు. విదేశంలో డిగ్రీ చేసి, కొంత గ్యాప్ వచ్చి, ఇంటికి దగ్గరున్న కాలేజీలో మళ్లీ మొదలుపెడుతున్నారు. ఇందులో సంజాయిషీ చెప్పుకోవలసిందేమీ లేదు.

ఇక బీఫార్మ్ సంగతి. విదేశీ ఫార్మసీ డిగ్రీతో నేరుగా లైసెన్స్ దారి పట్టాలంటే ఎన్‌ఏబీపీ (ఇక్కడి ఫార్మసీ బోర్డుల జాతీయ సంఘం) వాళ్లు విదేశీ ఫార్మసీ పట్టభద్రులకు ఇచ్చే ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికెట్ కావాలి. 2003 జనవరి 1 తర్వాత డిగ్రీ పూర్తిచేసినవాళ్లకు అది కనీసం ఐదేళ్ల ఫార్మసీ కోర్సు అయి ఉండాలి. మన బీఫార్మ్ నాలుగేళ్లదే, అందుకే ఆ తలుపు మూసుకుపోయింది. మన దగ్గర 2008 నుంచి నడుస్తున్న ఆరేళ్ల ఫార్మ్‌డీ చేసినవాళ్లకు మాత్రం ఆ దారి ఉంది. వాళ్లు ఈ ప్రీరిక్విజిట్ల గొడవలో పడకుండా ముందు అటు చూడాలి. కొలరాడో యూనివర్సిటీ, ఫ్లోరిడాలోని నోవా సౌత్‌ఈస్టర్న్ లాంటి చోట్ల విదేశీ ఫార్మసీ పట్టభద్రుల కోసం విడిగా ప్రోగ్రాములు పెట్టారు. చేరే ముందు వాటి అర్హతలు కూడా ఒకసారి చదవండి, పోయేదేమీ లేదు. పాపతో ఫ్రిస్కోలో ఉండి చదవాలనుకునేవాళ్లకు మాత్రం మామూలు నాలుగేళ్ల ఫార్మ్‌డీయే ఎక్కువగా కుదురుతుంది.

బీఫార్మ్‌లో ఆర్గానిక్ మూడు పేపర్లు, అనాటమీ రెండు, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ అన్నీ రాశాం కదా, మళ్లీ ఎందుకు అని మీకు అనిపించడం సహజం. చాలా స్కూళ్లు సైన్స్ ప్రీరిక్విజిట్లు అమెరికాలో గుర్తింపు ఉన్న కాలేజీలోనే చేసి ఉండాలంటాయి. కొన్ని స్కూళ్లు ఐదేళ్లు, ఏడేళ్లు, పదేళ్లు దాటిన సైన్స్ కోర్సులను ఒప్పుకోవు. క్రెడెన్షియల్ ఎవాల్యుయేషన్‌లో (విదేశీ డిగ్రీని ఇక్కడి చదువుతో పోల్చి ఏజెన్సీ ఇచ్చే రిపోర్టులో) మీ బీఫార్మ్‌ను ఇక్కడి బ్యాచిలర్ డిగ్రీకి సమానమని రాస్తే అది వేరే చోట పనికొస్తుంది. డిగ్రీ ఉన్నవాళ్లకు హిస్టరీ, ఎకనామిక్స్ లాంటి జనరల్ కోర్సులు కొన్ని స్కూళ్లు మినహాయిస్తాయి. కొన్ని మినహాయించవు. టెక్సాస్ పబ్లిక్ ఫార్మసీ స్కూళ్లలో కొన్ని ఇక్కడి కోర్ కరికులం (డిగ్రీ విద్యార్థులందరూ చేయాల్సిన జనరల్ కోర్సులు) పూర్తిచేయాలని పట్టుబడతాయి కూడా. అందుకే వెబ్‌సైట్ చూసి మనకు అనుకూలంగా ఊహించుకోవద్దు, రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

నన్ను అడిగితే మొదట చేయాల్సింది కాలేజీలో చేరడం కాదు, ఫార్మసీ స్కూళ్లు ఎంచుకోవడం. చాలామంది తలకిందులుగా చేస్తారు. ముందు రెండు సెమిస్టర్లు చదివేసి, తర్వాత "నేను చదివినవాటికి ఏ స్కూలు సరిపోతుంది" అని వెతుకుతారు. టెక్సాస్‌లోనే చూసుకుంటే ఫోర్ట్‌వర్త్‌లో యూఎన్‌టీ, టైలర్‌లో యూటీ టైలర్, ఆస్టిన్‌లో యూటీ, హ్యూస్టన్‌లో యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్, టెక్సాస్ సదరన్, శాన్ ఆంటోనియోలో ఇన్‌కార్నేట్ వర్డ్, ఇవి కాక టెక్సాస్ ఏ అండ్ ఎం, టెక్సాస్ టెక్ ఉన్నాయి. ఒకరు ఫిజిక్స్ అడుగుతారు, ఒకరు అడగరు. ఒకరికి కాల్‌క్యులస్ కావాలి, ఇంకొకరికి స్టాటిస్టిక్స్ చాలు. ఒకరికి జెనెటిక్స్ కావాలి. మూడు నాలుగు స్కూళ్ల జాబితాలు పక్కపక్కన పెట్టుకుని, అందరూ అడిగేవి ముందు తీసుకోండి. ఒక్కరే అడిగేవాటిని చివరికి నెట్టండి. ఆ ఒక్క స్కూలు మీద మనసు లేకపోతే ఆ కోర్సు అసలు అక్కర్లేదు.

ఆ స్కూళ్ల అడ్మిషన్ ఆఫీసుకు మెయిల్ రాసేటప్పుడు మన కథంతా రాయకండి. కాలేజీ పేరు, కోర్సు నంబరు, క్రెడిట్లు, ల్యాబ్ క్యాంపస్‌లోనా ఆన్‌లైనా అన్నది రాసి, "ఇది మీ ఫలానా ప్రీరిక్విజిట్‌కు సరిపోతుందా" అని అడగండి. రెండు రోజుల్లో ఒక వాక్యం జవాబు వస్తుంది. ఆ మెయిల్, ఆ సెమిస్టర్ సిలబస్ పీడీఎఫ్ ఒక ఫోల్డర్‌లో దాచుకోండి. ఫోన్‌లో చెప్పిన మాటకు విలువ లేదు. రెండేళ్ల తర్వాత ఆ సీట్లో వేరే మనిషి ఉంటారు.

కోర్సు నంబర్ల దగ్గర జాగ్రత్త. టెక్సాస్‌లో కమ్యూనిటీ కాలేజీలన్నిటికీ ఒకే నంబర్ల పద్ధతి ఉంది. అది మనకు పెద్ద సౌకర్యం, పెద్ద వల కూడా. బయాలజీకి 1406, 1407 తీసుకోవాలి. అది చూసి కెమిస్ట్రీలో కూడా 1406 తీసుకుంటే అది నర్సింగ్, అలైడ్ హెల్త్ వాళ్లకోసం పెట్టిన పరిచయ కోర్సు. ఫార్మసీకి లెక్కలోకి రాదు. మనకు కావాల్సింది కెమ్ 1411, 1412, ఆ తర్వాత ఆర్గానిక్‌కి 2423, 2425. కొన్ని కాలేజీలు 1411ని 1311 లెక్చర్, 1111 ల్యాబ్‌గా విడగొట్టి చూపిస్తాయి, రెండూ తీసుకోవాలి. మైక్రోబయాలజీలో 2420 సైన్స్ మేజర్ కానివాళ్లది, 2421 సైన్స్ మేజర్లది. కొన్ని స్కూళ్లు 2420ని కూడా ఒప్పుకుంటాయి, కానీ 2421 దొరికితే అదే తీసుకోండి. అనాటమీలో 2404 ఒక్క సెమిస్టర్‌లో ముగిసిపోయే కోర్సు, అది వద్దు. 2401, 2402 రెండూ ఒకే కాలేజీలో చేయండి. ఒక్కో కాలేజీ అవయవ వ్యవస్థలను ఒక్కోలా పంచుకుంటుంది. సగం ఇక్కడ, సగం అక్కడ చేస్తే కిడ్నీ రెండుసార్లు చదివి, ఎండోక్రైన్ ఒక్కసారీ చదవకుండా బయటపడే ప్రమాదముంది. వేరే రాష్ట్రాల్లో ఉండి ఇది చదువుతున్నవాళ్లకు ఒక మాట: వాషింగ్టన్ లాంటి చోట్ల కాలేజీలు క్వార్టర్ పద్ధతిలో నడుస్తాయి. అక్కడి క్రెడిట్ ఇక్కడి సెమిస్టర్ క్రెడిట్‌లో మూడింట రెండు వంతులే. ఏడాది ఆర్గానిక్ అంటే అక్కడ మూడు క్వార్టర్లూ చేయాలి.

బైపీసీ వాళ్లు ఎవరూ ముందుగా ఊహించనిది లెక్కలు. ఇక్కడే ఆరు నెలలు, ఏడాది కరిగిపోతాయి. పదో తరగతితో మనకు లెక్కలు అయిపోయాయి. బీఫార్మ్ మొదటి సెమిస్టర్‌లో రెమీడియల్ మ్యాథమెటిక్స్ అని ఒక పేపరు పెట్టారు, పాసై వదిలేశాం. ఇక్కడ కెమ్ 1411లో కూర్చోవాలంటే కాలేజ్ ఆల్జీబ్రా చేసి ఉండాలి, లేదా ప్లేస్‌మెంట్‌లో ఆ స్థాయి చూపించాలి. కాల్‌క్యులస్ కావాలంటే దానికి ముందు ప్రీకాల్‌క్యులస్. అంటే ఆల్జీబ్రా, ప్రీకాల్‌క్యులస్, కాల్‌క్యులస్, ఒకదాని తర్వాత ఒకటి. టీఎస్‌ఐ (టెక్సాస్ కాలేజీల ప్లేస్‌మెంట్ పరీక్ష)ను "ఏదో ఎంట్రన్స్‌లే" అని ఖాళీ చేతులతో వెళ్లి రాసేవాళ్లను చూస్తుంటాను. నెల రోజులు ఖాన్ అకాడమీలో ఆల్జీబ్రా తిరగేసి రాస్తే, ఒక సెమిస్టర్ మిగలొచ్చు. లెక్కలంటే భయమున్నవాళ్లు స్టాటిస్టిక్స్‌తో సరిపెట్టే స్కూళ్లను వెతుక్కోవచ్చు, అందులో తప్పేమీ లేదు. కానీ ఆల్జీబ్రా మాత్రం గట్టిగా రావాలి. ఫార్మసీలో డోసు లెక్కలు, డ్రిప్ రేట్లు, డైల్యూషన్లు అన్నీ దాని మీదే నిలబడతాయి.

ఎన్నాళ్లు పడుతుంది అన్నారు. దాన్ని తేల్చేది కెమిస్ట్రీ గొలుసు. జనరల్ కెమిస్ట్రీ ఒకటి, రెండు, ఆర్గానిక్ ఒకటి, రెండు. ఒకటి పూర్తి కాకుండా రెండోది ఇవ్వరు. నాలుగు సెమిస్టర్లు, అంటే రెండేళ్లు. వేసవిలో ఒకటి పెట్టుకుంటే కొంచెం తగ్గుతుంది. మిగతావన్నీ ఈ గొలుసు పక్కన సర్దుకోవచ్చు. ఈ వేసవిలో ఆల్జీబ్రా కానిచ్చి, ఫాల్‌లో కెమ్ 1411, బయాలజీ మొదలుపెడితే, వచ్చే ఏడాది ఫాల్‌కి ఆర్గానిక్ ఒకటికి చేరతారు. సరిగ్గా అప్పుడే అప్లికేషన్ వేయాలి. ఫార్మ్‌క్యాస్ అనే ఒకే పోర్టల్ ద్వారా దాదాపు అన్ని స్కూళ్లకూ వెళుతుంది, అది వేసవిలో తెరుచుకుంటుంది. ఇంకా చేయని కోర్సులను ప్లాన్డ్ అని చూపించవచ్చు. సీటు ఇచ్చినా, ఆర్గానిక్ రెండు వగైరా చేరేలోపు పూర్తి కావాలన్న షరతు ఉంటుంది. చాలా స్కూళ్లు అప్లికేషన్లు వచ్చినవి వచ్చినట్టు చూసి సీట్లు ఇచ్చేస్తుంటాయి, కాబట్టి చివరి తేదీ దాకా ఆగకండి. ఆర్గానిక్‌ను ఐదారు వారాల వేసవి కోర్సుగా మాత్రం తీసుకోకండి. అందులో రియాక్షన్ మెకానిజమ్‌లు రాత్రికి రాత్రి బుర్రకెక్కవు. పాప జ్వరంతో రెండు రోజులు పడుకుంటే ఒక చాప్టర్ పోయినట్టే. వేసవికి స్టాటిస్టిక్స్, సైకాలజీ, స్పీచ్ పెట్టుకోండి.

ఆన్‌లైన్ గురించి: ఇంగ్లిష్, స్టాటిస్టిక్స్, సైకాలజీ, ఎకనామిక్స్ ఆన్‌లైన్‌లో హాయిగా చేసేయండి. ల్యాబ్ ఉన్న సైన్స్ కోర్సుల ల్యాబ్ మాత్రం క్యాంపస్‌లోనే చేయండి. కోవిడ్ రోజుల్లో ఆన్‌లైన్ ల్యాబ్‌ను అందరూ ఒప్పుకున్నారు, ఇప్పుడు ఒప్పుకోని స్కూళ్లు చాలా ఉన్నాయి. పబ్లిక్ స్పీకింగ్ కూడా మనుషుల ముందు చేస్తేనే మేలు. మన ఇంగ్లిష్ యాసకు సిగ్గుపడి దాన్ని ఆన్‌లైన్‌లో దాటేస్తే, ఆ సిగ్గు ఫార్మసీ స్కూల్ ఇంటర్వ్యూలో ఎదురవుతుంది.

ల్యాబ్ దగ్గర బీఫార్మ్ వాళ్లకు నిజమైన లాభముంది. కెమ్ 1411 మొదటి టైట్రేషన్ రోజున చుట్టూ పద్దెనిమిదేళ్ల పిల్లలు బ్యూరెట్ కాక్ తిప్పడానికి తడబడుతుంటే మన చేయి తనంతట తానే ఎండ్ పాయింట్ దగ్గర చుక్క చుక్కగా వదులుతుంది. ఆర్గానిక్ ల్యాబ్‌లో ఆస్పిరిన్ చేసి, రీక్రిస్టలైజ్ చేసి, మెల్టింగ్ పాయింట్ చూడమంటే, అది మనం గుంటూరులోనో వరంగల్‌లోనో ఎప్పుడో చేసిందే. ఇబ్బంది రిపోర్టు రాసే దగ్గర వస్తుంది. మన దగ్గర ల్యాబ్ రికార్డు అంటే సీనియర్ రికార్డు చూసి అందంగా దింపడం. సంతకం కోసం లెక్చరర్ చుట్టూ తిరగడం కూడా అందులో భాగమే. ఎవరూ దాన్ని తప్పనుకోరు. ఇక్కడ పక్కమ్మాయి పట్టికలోని రీడింగులు మీ రిపోర్టులో కనిపిస్తే, ఇంటర్నెట్ వాక్యాలు దింపితే, అది అకడమిక్ డిసానెస్టీ కేసు. సున్నా మార్కులతో వదిలితే అదృష్టం. అది కాలేజీ రికార్డుకెక్కితే, ఫార్మసీ స్కూల్ అప్లికేషన్‌లో "మీ మీద ఎప్పుడైనా క్రమశిక్షణ చర్య తీసుకున్నారా" అన్న ప్రశ్నకు అవునని రాయాల్సి వస్తుంది. చదువు రాక ఆగిపోయినవాళ్ల కన్నా, ఈ పాత అలవాటు వల్ల చిక్కుల్లో పడ్డ తెలివైన మనవాళ్లను చూస్తే నాకు ఎక్కువ బాధ కలుగుతుంది. రీడింగ్ తప్పొచ్చినా తప్పొచ్చిందనే రాసి, ఎందుకొచ్చిందో రెండు వాక్యాలు రాయండి. దానికి మార్కులిస్తారు.

గ్రేడ్ల లెక్క కూడా ముందే తెలుసుకోండి. సాధారణంగా ప్రతి ప్రీరిక్విజిట్‌లో కనీసం సీ రావాలి, సీ మైనస్ చాలాచోట్ల చెల్లదు. ఇక్కడ మీరు చేసే కోర్సులు తక్కువ కాబట్టి ఒక్క గ్రేడ్ కూడా జీపీఏను గట్టిగా కదుపుతుంది. 30 క్రెడిట్లలో అన్నీ ఏ వచ్చి, ఒక నాలుగు క్రెడిట్ల కెమిస్ట్రీలో సీ వచ్చిందనుకోండి. జీపీఏ 3.73 అవుతుంది. ఆ కోర్సు మళ్లీ చేసి ఏ తెచ్చుకుంటే చాలా కమ్యూనిటీ కాలేజీలు పాత గ్రేడ్‌ను తీసేసి 4.0 చూపిస్తాయి. ఫార్మ్‌క్యాస్ అలా చూడదు. చేసిన ప్రతిసారీ వచ్చిన గ్రేడ్‌నూ కలుపుతుంది. అక్కడ అది 3.76 దగ్గరే ఆగుతుంది. ఒక సెమిస్టర్ పోగొట్టుకుని 0.03 సంపాదించినట్టు. సీ వచ్చిన కోర్సు మళ్లీ చేయడం కన్నా, పై కోర్సులో ఏ తెచ్చుకోవడమే మేలు. డీ వస్తే మాత్రం ఎలాగూ మళ్లీ చేయక తప్పదు.

మొదటి పరీక్షలోనే మునిగిపోతున్నామనిపిస్తే, విత్‌డ్రా చివరి తేదీ లోపు డబ్ల్యూ తీసుకోవడం డీ కన్నా వెయ్యి రెట్లు నయం. ఒకటి ఉంటే ఎవరూ పట్టించుకోరు. దాన్ని అలవాటు చేసుకోకండి. టెక్సాస్ పబ్లిక్ కాలేజీల్లో 2007 ఫాల్ నుంచి కొత్తగా చేరినవాళ్లకు డిగ్రీ మొత్తం మీద ఆరు డ్రాపులకు మించి కుదరదన్న నిబంధన కూడా ఉంది. అది మీకు వర్తిస్తుందో లేదో అడ్వైజర్‌ని అడగండి.

ఇక లోడ్. కమ్యూనిటీ కాలేజీ నుంచి వచ్చేవాళ్లలో కమిటీలకు నిజంగా ఉండే సందేహం ఇదే. పేరు గురించి కాదు. సెమిస్టర్‌కి ఒక సైన్స్ కోర్సు చొప్పున నాలుగేళ్లు లాగితే అన్నీ ఏలు వచ్చినా, ఫార్మసీ మొదటి సంవత్సరంలో ఐదారు సబ్జెక్టులు ఒకేసారి మీద పడితే ఈ మనిషి తట్టుకుంటారా అన్న అనుమానం ఉండిపోతుంది. పాపతో ప్రతి సెమిస్టర్ ఫుల్ లోడ్ చేయమని నేను చెప్పను. కానీ ఒక్క సెమిస్టర్‌లో అయినా ల్యాబ్ ఉన్న సైన్స్ కోర్సులు రెండు, ఇంకో కోర్సు కలిపి తీసుకుని మంచి గ్రేడ్లు చూపించండి. ఆర్గానిక్ ఒకటి, అనాటమీ ఒకటి కలిపి చేసిన ఫాల్ సెమిస్టర్ ఒక్కటి చాలా మాట్లాడుతుంది. ఆ సెమిస్టర్‌కి ఇండియా నుంచి అమ్మనో అత్తగారినో రప్పించుకోగలిగితే, ముందే వీసా స్లాట్ చూసుకోండి. నవ్వకండి, మా ఇళ్లలో అందరం అలాగే చదివాం.

బయోకెమిస్ట్రీ కమ్యూనిటీ కాలేజీలో సాధారణంగా దొరకదు. దొరికినా చాలా ఫార్మసీ స్కూళ్లు దాన్ని అప్పర్ లెవెల్‌లో, అంటే నాలుగేళ్ల యూనివర్సిటీలో చేయమంటాయి. దీన్ని భారంగా కాక అవకాశంగా చూడండి. ఆర్గానిక్ అయ్యాక దగ్గరి యూనివర్సిటీలో డిగ్రీ కోసం కాకుండా విడి కోర్సుల విద్యార్థిగా చేరి బయోకెమిస్ట్రీ, వీలుంటే జెనెటిక్స్ లేదా ఇమ్యునాలజీ చేయండి. అక్కడ ఏనో బీనో వస్తే, కమ్యూనిటీ కాలేజీ గ్రేడ్ల గురించి ఎవరికైనా మిగిలిన ప్రశ్నకు అదే జవాబు.

కమ్యూనిటీ కాలేజీలో నాకు బాగా నచ్చింది ప్రొఫెసర్లు దొరకడం. పెద్ద యూనివర్సిటీల్లో వందలమంది ఉన్న హాల్లో మీ పేరు ఎవరికీ తెలియదు. ఇక్కడ క్లాసులో పాతిక, ముప్పై మంది. ఆఫీస్ అవర్స్‌లో రెండుసార్లు వెళితే మూడోసారి పేరు పెట్టి పిలుస్తారు. ఫార్మ్‌క్యాస్‌లో నాలుగు రికమెండేషన్ లెటర్ల దాకా పెట్టుకోవచ్చు. చాలా స్కూళ్లు ఒకటి సైన్స్ ప్రొఫెసర్‌ది, వీలైతే ఇంకొకటి ఫార్మసిస్ట్‌ది కావాలంటాయి. మీకు ఈఏడీ ఉంది కాబట్టి ఫార్మసీ టెక్నీషియన్ ట్రెయినీగా వారానికి పది పన్నెండు గంటలు చేయగలిగితే ఆ రెండో లెటర్ దొరుకుతుంది. ఇంటర్వ్యూలో చెప్పడానికి మాటలూ దొరుకుతాయి. ఇన్సూరెన్స్ రిజెక్ట్ అయిన మందు గురించి కౌంటర్ దగ్గర కోపంగా నిలబడ్డ పెద్దాయనతో మాట్లాడిన అనుభవం ఏ పుస్తకంలోనూ రాదు. పనిచేశాక ఈ ఉద్యోగం తనకు వద్దని తెలుసుకునేవాళ్లూ ఉంటారు. నాలుగేళ్ల ఫీజు కట్టాక తెలియడం కన్నా ఇప్పుడే తెలియడం మంచిది. ఈఏడీ లేనివాళ్లు జీతం లేకుండా షాడోయింగ్‌కి (ఫార్మసిస్ట్ పక్కనుండి పని గమనించడానికి) అడగొచ్చు. ఉచిత క్లినిక్‌లలో వాలంటీర్‌గా చేయొచ్చు.

డబ్బు, వీసా. హెచ్4 మీద చదువుకోవడానికి విడిగా అనుమతి అక్కర్లేదు, పార్ట్‌టైమ్ అయినా ఫుల్‌టైమ్ అయినా. ఎఫ్1 (విద్యార్థి వీసా) వాళ్లకు ఆ వెసులుబాటు లేదు. సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు తీసుకోవాలి, అందులో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే లెక్కలోకి వస్తుంది. టెక్సాస్‌లో హెచ్4 వాళ్లు ఏడాది నివాసం చూపించి రెసిడెంట్ ఫీజుకు అర్హులు కావచ్చు. లీజు, డ్రైవింగ్ లైసెన్స్, బ్యాంక్ స్టేట్‌మెంట్ల మీద అడ్రస్ ఒకేలా ఉండేలా చూసుకోండి. కాలేజీ డిస్ట్రిక్ట్ (ఆ కాలేజీ పరిధి)లో నివాసం ఉన్నవాళ్లకు మీ వైపు కమ్యూనిటీ కాలేజీల్లో క్రెడిట్ వంద డాలర్ల లోపే పడుతుంది. అసలు ఖర్చు ఫార్మ్‌డీ నాలుగేళ్లది. హెచ్4 మీద ఫెడరల్ స్టూడెంట్ లోన్ రాదు. సిటిజన్ లేదా గ్రీన్‌కార్డ్ ఉన్న కోసైనర్ (హామీగా సంతకం పెట్టేవారు) ఉంటే ప్రైవేట్ లోన్లు దొరుకుతాయి. లేదంటే ఇంట్లో పొదుపు. ఈ లెక్క మీ వారితో కూర్చుని ముందే వేసుకోండి. పబ్లిక్ స్కూల్లో రెసిడెంట్ ఫీజుతో సీటు వస్తే ఒక రకం, ప్రైవేట్ స్కూలైతే ఇంకో రకం. రెండో దానికి అప్పు చేసి మరీ వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. మీ హెచ్4 మీ వారి హెచ్1బీ మీద, ఈఏడీ ఆయన ఐ140 (గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) మీద ఆధారపడి ఉన్నాయన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. అటు ఏదైనా తేడా వస్తే మధ్యలో ఎఫ్1కి మారాల్సి రావొచ్చు, అప్పుడు ఫుల్ లోడ్ తప్పదు. అందుకే వీసా సాఫీగా ఉన్నప్పుడే కష్టమైన కోర్సులు ముందుకు లాక్కోవాలి.

ఈ వారం చేయాల్సినవి రెండే. మూడు స్కూళ్లకు మెయిళ్లు పంపండి, టీఎస్‌ఐకి తేదీ తీసుకోండి. మీ బీఫార్మ్ ట్రాన్స్‌క్రిప్ట్ ఎవాల్యుయేషన్ ఇంకా చేయించకపోతే, ఏ ఏజెన్సీ రిపోర్టు కావాలో ఆ మెయిల్‌లోనే అడగండి. కోర్సు వారీగా ఉండే రిపోర్టే తీసుకోండి, డాక్యుమెంట్ వారీది చవకే గానీ ఇక్కడ పనికిరాదు. యూనివర్సిటీ నుంచి సీల్డ్ కవర్ తెప్పించడానికి ఎంత కాలం పడుతుందో మీకు తెలుసు. గుంటూరులో ఎవరైనా మనిషి ఉంటే ఇప్పుడే చెప్పిపెట్టండి. సాయంత్రం ల్యాబ్ ఉన్న కెమ్ 1411 సెక్షన్లు రిజిస్ట్రేషన్ తెరిచిన మొదటి రోజుల్లోనే నిండిపోతాయి. ఆ తేదీ మీ కాలేజీ క్యాలెండర్‌లో చూసి, ఫోన్‌లో అలారం పెట్టుకోండి.